నేర్చుకునే హక్కు ఎవరి ఖాతాలో?

కిందటి నెల హనుమకొండలో మా సంఘం సమావేశం ముగిశాక, బయట టీ తాగుతూ నిలబడి ఉండగా, బ్యాంకులో పనిచేసే ఒక మిత్రుడు ఒక ఆలోచన చెప్పాడు. “ఆడపిల్ల చదువుకు పొదుపు చేస్తే ప్రభుత్వం పన్ను తగ్గిస్తుంది. ముసలితనం కోసం పొదుపు చేస్తే తగ్గిస్తుంది. ఇల్లు కొనుక్కుంటే తగ్గిస్తుంది. పనిలో ఉన్న మనిషి కొత్త పని నేర్చుకోవడానికి పొదుపు చేస్తే మాత్రం ఎందుకు తగ్గించకూడదు? ప్రతి ఉద్యోగి పేరునా ఒక నేర్చుకునే ఖాతా తెరవాలి. అందులో వేసిన డబ్బుకు పన్ను ఉండకూడదు. అవసరం వచ్చినప్పుడు తీసి శిక్షణకు కట్టుకుంటాడు. ఎవరి ముందూ చెయ్యి చాచనక్కరలేదు” అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురం బాగుందన్నాం. నాకూ సబబుగానే తోచింది.

ఇంటికి వచ్చాక ఆ మాటను తిరగేసి చూశాను. మా ఊరి అనుభవం పక్కన పెట్టి చూసినకొద్దీ అందులోని మంచి ఎంతో, మోసం ఎంతో విడివిడిగా కనిపించసాగాయి. ఆ విడమరిచే పనే ఈ వ్యాసంలో చేయదలచుకున్నాను. సాహిత్య పత్రికలో పన్నుల ఖాతా గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. “నైపుణ్యం”, “స్వయంకృషి”, “జీవితాంతం నేర్చుకోవడం” అనే మాటలు ఇవాళ కథల్లోకీ, ఉపన్యాసాల్లోకీ, పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చాయి. ఒక మాట చెలామణిలోకి వచ్చినప్పుడు అది ఏ వర్గానికి పనికివస్తున్నదో పరిశీలించడం విమర్శకుల పనే.

1

ముందుగా మన కళ్లెదుటి ఉదాహరణ చూద్దాం. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. నిజాం కుమారుడి పేరు పెట్టుకున్న ఆ మిల్లు నలభై ఏళ్ల తర్వాత, 1974లో వచ్చిన ఖాయిలా జౌళి సంస్థల జాతీయకరణ చట్టంతో, జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. 2002లో మూతపడింది. వడకడం, పడుగు కట్టడం, నేయడం, అద్దడం అన్నీ ఒక్క ఆవరణలో జరిగిన చోట భవనాలు కూలాయి, భూములు చేతులు మారాయి.

మా వీధిలో ఒక పెద్దాయన ఆ మిల్లులో వడుకు విభాగంలో పనిచేశాడు. వరుస మొదట నిలబడి చప్పుడు వింటే చాలు, ఏ చోట పోగు తెగిందో తెలిసిపోయేదని చెప్పేవాడు. ఆ చెవి ఆయనకు ఏ శిక్షణ కేంద్రమూ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ల పని ఇచ్చింది. మిల్లు మూతపడిన నాటికి ఆ చెవికి బజారులో విలువ లేకుండా పోయింది.

ఇలాంటి పరిస్థితి వస్తుందని ప్రభుత్వానికి తెలియదా? తెలుసు. కొత్త ఆర్థిక విధానాలు మొదలుపెట్టిన మరుసటి ఏడాదే, 1992లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ పునరుద్ధరణ నిధి అనేదొకటి ఏర్పాటు చేసింది. పరిశ్రమల మార్పుల వల్ల పని పోయే కార్మికులకు కొత్త పని నేర్పించి, మళ్లీ నిలబెట్టడం దాని ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. ఆచరణలో ఆ నిధిలో అత్యధిక భాగం ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. నేర్పడానికి మిగిలింది కొంచెం. నేర్పుతామని పెట్టిన నిధి ఇంటికి పంపే నిధిగా మారింది. 2000లో దాన్ని రద్దు చేశారు. ఆ తర్వాత 2001-02 నుంచి, కేంద్ర ప్రభుత్వరంగంలో విరమణ తీసుకున్నవారి కోసం స్వల్పకాలిక శిక్షణల పథకం ఒకటి నడిపారు. ఇరవై ఏళ్ల పనితనాన్ని స్వల్పకాలిక శిక్షణతో మార్చి ఇవ్వగలమన్న ధీమా అందులో ఉంది.

ఇక్కడొక వైచిత్రి గమనించాలి. 2002లో మిల్లు మూతపడిన ఈ ప్రాంతంలోనే, 2017లో గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో కాజీపేటలో రైల్వే ఉత్పత్తి కర్మాగారానికి పునాదిరాయి వేశారు. అంటే ఈ ఊళ్లో పరిశ్రమ అవసరం పోలేదు. జౌళి అవసరమూ పోలేదు. నడుమ పదిహేనేళ్లలో పోయింది మనుషుల పనితనం. పాత మిల్లు నుంచి కొత్త పార్కుకు ఆ పనితనం నడిచివెళ్లే వంతెన ఎవరు కట్టాలి అన్నదే అసలు ప్రశ్న. మా మిత్రుడి ఖాతా దానికి చెప్పే జవాబు: కార్మికుడే, తన పొదుపుతో.

2

పన్ను రాయితీ ఉన్న పొదుపు ఎలా పనిచేస్తుందో కాగితం మీద లెక్కవేసి చూద్దాం. పాత పద్ధతి ఆదాయపు పన్నులో ఒకరు లక్ష రూపాయలు అలాంటి ఖాతాలో వేశారనుకుందాం. ఆ లక్ష ఆదాయంలో నుంచి తీసివేస్తారు. నూటికి ముప్పై పన్ను కట్టే పెద్ద ఉద్యోగికి 30,000 రూపాయలు మిగులుతాయి. నూటికి ఇరవై కట్టేవాడికి 20,000 మిగులుతాయి. పన్ను కట్టేంత ఆదాయమే లేని కొత్తవాడ నేతగాడికి, మిల్లులో దినకూలీకి, దుకాణంలో గుమాస్తాకు మిగిలేది సున్నా. సహాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారికి ఏమీ లేదు. ఎవరికి తక్కువ అవసరమో వారికి ఎక్కువ. పైగా ఇది ఖజానా నుంచి చెక్కు రాసి ఇచ్చినట్టు కనిపించదు. వసూలు కాని పన్ను రూపంలో పోతుంది కనుక బడ్జెట్ చర్చల్లో దాన్ని ఎవరూ సబ్సిడీ అని నిందించరు. బియ్యానికి ఇచ్చే రూపాయిని సబ్సిడీ అంటారు, పన్నులో వదిలే రూపాయిని ప్రోత్సాహకం అంటారు.

కొత్త పద్ధతిలో లెక్క ఇంకోలా ఉంది. 2020లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతే 2023-24 నుంచి, వేరే కోరుకోని వారందరికీ వర్తిస్తున్నది. 2025-26 నుంచి ఇందులో 12 లక్షల రూపాయల దాకా ఆదాయం ఉన్నవారికి మామూలుగా పన్ను పడదు. పిల్లల ఫీజులు, విద్యారుణం వడ్డీ వంటి మినహాయింపులూ ఇందులో లేవు. కనుక నేర్చుకునే ఖాతాకు పన్ను రాయితీ ఇస్తామని రేపు ప్రకటించినా, కార్మికుల్లో నూటికి తొంభై తొమ్మిది మంది తలుపు దగ్గరికి కూడా అది రాదు.

ఉన్న చట్టాల్లో నేర్చుకునే కార్మికుడి స్థానం ఏమిటో కూడా చూడాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం 80సి సెక్షన్ కింద, పాత పద్ధతిలో, ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఇచ్చారు. ఎవరి ఫీజుకు? ఇద్దరు పిల్లల ఫీజుకు. అదీ పూర్తికాలం చదువుకు. తండ్రి సాయంత్రం కాలేజీలో చేరి కట్టిన ఫీజు ఆ లెక్కలోకి రాదు. 80ఇ సెక్షన్ విద్యారుణం మీద వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ స్వయంగా చదువుకునేవాడికీ చోటు దొరికింది. కానీ ఆ చదువు ఇంటర్మీడియట్ స్థాయి దాటిన తర్వాతిదై ఉండాలి. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకునేవాడు అందులోకి రాడు. అప్పు కూడా బ్యాంకు వంటి ఆర్థిక సంస్థ దగ్గరో, గుర్తింపు ఉన్న ధర్మసంస్థ దగ్గరో తెచ్చినదై ఉండాలి.

నేనెరిగిన ఒక కుటుంబంలో కుర్రవాడు కంప్యూటరుతో నడిచే లేత్ యంత్రం నేర్చుకోవడానికి నలభై వేలు కట్టాడు. తండ్రి ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు ఎనిమిది వందలు, ఏడాదికి తొమ్మిది వేల ఆరువందలు వడ్డీకే పోతుంది. ఈ దేశంలో చదువు కోసం కట్టే వడ్డీల్లో అతి బరువైనది ఇలాంటి వడ్డీ. చట్టం దృష్టికి రానిది కూడా ఇదే.

భవిష్యనిధి సంగతి ఇంకా చిత్రం. 1952 భవిష్యనిధి పథకంలో, ఏడేళ్ల సభ్యత్వం ఉన్న కార్మికుడు తన వాటాలో సగం దాకా ముందుగా తీసుకునే వీలు ఒకటి పెట్టారు. దేనికోసం? తన పెళ్లికి, పిల్లల పెళ్లికి, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పెళ్లికి, కొడుకు కూతుళ్ల మెట్రిక్ పై చదువుకు. తన పెళ్లి ఉన్న ఆ జాబితాలో తన చదువు లేదు! చట్టం రాసినవాడి ఊహలో కార్మికుడు పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని చదివిస్తాడు. తాను మాత్రం ఇక నేర్చుకోవలసినది ఏమీ ఉండదు. 2025 అక్టోబరులో భవిష్యనిధి ధర్మకర్తల మండలి ఈ నిబంధనలన్నిటినీ కుదించి, చదువు కోసం పదిసార్లు దాకా తీసుకోవచ్చునని నిర్ణయించింది. మంచిదే. కానీ ముసలితనానికి దాచుకున్న అన్నంలో నుంచి తీసి ఇవాళ్టి పాఠానికి కట్టుకొమ్మనడం అది. 2015లో వచ్చిన నైపుణ్య రుణ పథకం ఐదు వేల నుంచి లక్షన్నర దాకా అప్పు ఇస్తానన్నది. 2024లో పరిమితిని ఏడున్నర లక్షలకు పెంచారు. ఒకచోట సొంత పొదుపు, ఇంకోచోట అప్పు. రెండు చోట్లా బరువు మోసే భుజం ఒక్కటే.

3

ఈ ఖాతాల వెనుక ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని న్యాయంగా చెప్పి, ఆ తర్వాత విమర్శించాలి. అమెరికా ఆర్థికవేత్త థియొడోర్ షుల్ట్జ్ 1960లో మనిషి చదువునూ పనితనాన్నీ ఒక రకం పెట్టుబడిగా చూడాలని వాదించాడు. గేరీ బెకర్ 1964లో ప్రచురించిన “మానవ పెట్టుబడి” గ్రంథంలో ఆ వాదాన్ని శిక్షణకు విస్తరించాడు. ఒక్క ఫ్యాక్టరీకే పనికివచ్చే విద్య అయితే దాని ఖర్చు యజమాని భరించవచ్చు. ఎక్కడైనా పనికివచ్చే విద్య అయితే భరించడు, ఎందుకంటే నేర్చుకున్నవాడు మర్నాడు పక్క ఫ్యాక్టరీకి పోవచ్చు. కనుక అటువంటి విద్య ఖర్చు నేర్చుకునేవాడే మోస్తాడు అని దాని సారాంశం. పెట్టుబడిదారుడు ఎలా ఆలోచిస్తాడో అది సరిగానే వర్ణించింది. ఉన్నదాన్ని వర్ణించే మాటను ఉండవలసిన ధర్మంగా మార్చడంలోనే చిక్కు వచ్చింది.

బెకర్‌కు దాదాపు వందేళ్ల ముందు, 1867లో, “పెట్టుబడి” మొదటి సంపుటంలో మార్క్స్ ఈ విషయాన్నే అవతలి వైపు నుంచి చూశాడు. శ్రమశక్తిని ఒక ప్రత్యేకమైన పనికి తగినట్టు తయారుచేయడానికి చదువో, శిక్షణో కావాలి. ఆ ఖర్చు శ్రమశక్తి విలువలో భాగమే అని ఆయన చెప్పాడు. అంటే బియ్యం ఖర్చు, ఇంటి అద్దె ఎలా వేతనంలోకి రావాలో, నేర్చుకునే ఖర్చూ అలాగే రావాలి. వేతనంలోకి ఆ ఖర్చు రానివ్వకుండా, వచ్చిన కొద్దిపాటి వేతనంలో నుంచే దాన్ని మిగుల్చుకొమ్మనడం వేతనాన్ని ఇంకోసారి కోయడమే. కార్మికుడిని “నీ పెట్టుబడికి నువ్వే యజమానివి” అని పొగిడినంత మాత్రాన వాడి చేతికి ఫ్యాక్టరీ రాదు. నష్టం మాత్రం యజమాని ఖాతాలో నుంచి వాడి ఖాతాలోకి వస్తుంది. నేర్చుకున్న పనికి ఐదేళ్లలో గిరాకీ పోతే, తప్పుడు చోట పెట్టుబడి పెట్టాడని వాడినే నిందిస్తారు.

4

ఇతర దేశాలు ఏం చేశాయి? ఇంగ్లండులో 2000 సెప్టెంబరులో వ్యక్తిగత అభ్యాస ఖాతాలు ప్రారంభించారు. మొదటి పది లక్షల మందికి, వారు 25 పౌండ్లు వేసుకుంటే ప్రభుత్వం 150 పౌండ్లు ఇస్తానన్నది. ఏడాదికి కాస్త పైచిలుకు కాలంలో 25 లక్షలకు పైగా ఖాతాలు తెరిచారు. ఆ సంఖ్య చూసి సంబరపడుతుండగానే శిక్షణ పేరుతో దళారులు దిగారు. నేర్పని పాఠాలకు, చేరని విద్యార్థులకు డబ్బు లాగారు. 2001 నవంబరు 23న పథకాన్నే మూసేయవలసి వచ్చింది. ఖాతా ఒక్కటే ఉండి, పాఠం నాణ్యతను చూసే ప్రజాసంస్థ లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండు చూపింది. బోర్డు కట్టిన ప్రతి గదీ శిక్షణ సంస్థ అయిపోయే మన హనుమకొండ చౌరస్తాకు ఈ పాఠం మరీ దగ్గర.

ఫ్రాన్సు మరో దారి పట్టింది. 2014 చట్టంతో, 2015 జనవరి నుంచి, ప్రతి కార్మికుడి పేరునా ఒక శిక్షణ ఖాతా తెరిచారు. అది ఉద్యోగానికి కాక మనిషికి అంటిపెట్టుకుని ఉంటుంది. పని పోయినా, యజమాని మారినా ఖాతా పోదు. 2019 నుంచి అందులో ఏడాదికి 500 యూరోలు, మొత్తం 5,000 దాకా జమ అవుతాయి. తక్కువ చదువు ఉన్నవారికి 800, మొత్తం 8,000 దాకా. ఆ డబ్బు కార్మికుడి పొదుపు కాదు. యజమానులు జీతాల పద్దు మీద తప్పనిసరిగా కట్టే చందా దానికి మూలం: పదకొండు మంది, అంతకుమించి పనిచేసే చోట నూటికి ఒకటి, చిన్న సంస్థలకు 0.55. అక్కడా దళారుల బెడద వచ్చింది. ఖాతాదార్లకు ఫోన్లు చేసి పాఠాలు అంటగట్టడాన్ని 2022 డిసెంబరులో చట్టం చేసి నిషేధించారు. 2024 మే నుంచి ఖాతా వాడుకునేవారు మామూలుగా 100 యూరోలు సొంతంగా కట్టాలన్నారు. ఎంత మంచి ఏర్పాటైనా కాపలా లేకపోతే కోతకు గురవుతుందనడానికి ఇదొక గుర్తు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇటలీ ఉదాహరణ. అక్కడ లోహపరిశ్రమ కార్మికులు 1973లో యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందంలో 150 గంటల చదువు హక్కును సాధించుకున్నారు. మూడేళ్లలో 150 గంటలు, కూలి కోత లేకుండా, చదువుకోవడానికి వెళ్లవచ్చు. కార్మికుడు తన సొంత సమయమూ అంత కలుపుతాడు. చిన్నతనంలో బడి మానేసిన వేలాది కార్మికులు ఆ గంటలతో మాధ్యమిక విద్య పూర్తిచేశారు. వారు చదివినవి యంత్రం పాఠాలు మాత్రమే కావు. చరిత్ర, భాష, ఆర్థికశాస్త్రం కూడా. తర్వాతి ఏడాదే, 1974లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతనంతో కూడిన విద్యా సెలవు గురించి 140వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దానికి ధ్రువీకరణ ఇవ్వలేదు.

ఇటలీ కార్మికుడు డబ్బు అడగలేదు, కాలం అడిగాడు. అసలు కొరత అక్కడుంది. పన్నెండు గంటలు సాంచా మీద నిలబడ్డ మనిషికి ఖాతాలో యాభై వేలు ఉన్నా నేర్చుకునే గంట ఎక్కడిది? పన్ను రాయితీ ఎంత పెంచినా రోజుకు ఇరవై ఐదో గంటను పుట్టించలేదు. ఆడవాళ్ల విషయంలో ఈ మాట రెండింతలు నిజం. ఫ్యాక్టరీ గంట మోగాక వారి రెండో పని పొయ్యి దగ్గర మొదలవుతుంది.

5

అయితే ఖాతా అనే రూపం మొత్తం పనికిరానిదా? కాదు. ఇక్కడ మా మిత్రుడి ఆలోచనలోని మంచిని ఒప్పుకోవాలి. ఇవాళ కార్మికుల్లో ఎక్కువమందికి స్థిరమైన యజమాని లేడు. కాంట్రాక్టరు మారుతుంటాడు, ఊరు మారుతుంది. అటువంటివారికి మనిషి వెంట నడిచే ఖాతా అవసరమే. అందులో మొదటి జమ ఎవరిది అన్నది తేల్చుకోవాలి.

దీనికి పరదేశాల దాకా పోనక్కరలేదు. కొత్తవాడ జంపఖానాల నేతగాళ్లకు త్రిఫ్ట్ ఫండు సంగతి తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2017లో “నేతన్నకు చేయూత” పేరున తెచ్చిన పొదుపు పథకంలో చేనేత కార్మికుడు తన కూలిలో నూటికి ఎనిమిది రూపాయలు వేస్తే ప్రభుత్వం పదహారు వేయాలి. మరమగ్గం కార్మికుడికైతే ఎనిమిదికి ఎనిమిది. మూడేళ్ల గడువు తర్వాత ఆ డబ్బు చేతికి వచ్చేలా అప్పుడు దాన్ని పెట్టారు. ఇది చదువు కోసం పెట్టింది కాదు. అయినా దీని నిర్మాణం చూడండి. పన్ను రాయితీ లాగా ఆదాయం పెరిగినకొద్దీ పెరిగే సహాయం కాదు. కార్మికుడి రూపాయికి ప్రభుత్వం రెండు రూపాయలు నేరుగా కలుపుతుంది. పన్ను కట్టనివాడికీ అందుతుంది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సరుకుకు దొరికింది. ఆ సరుకు నేసే చేతికి కొత్త డిజైను, కొత్త రంగు నేర్చుకునే రోజుల కూలి ఎవరిస్తారు? త్రిఫ్ట్ ఫండు పద్ధతిలోనే నేర్చుకునే ఫండు పెట్టడానికి అడ్డేమిటి?

యజమాని చందాకు కూడా మన చట్టాల్లో పూర్వాచారం ఉంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన సెస్సు చట్టం కింద నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి వసూలు చేశారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ సెస్సు కొనసాగింది. మేస్త్రీ మారినా, యజమాని మారినా, పరిశ్రమ మొత్తం మీద విధించిన చందా గనుక కార్మికుడి హక్కు నిలుస్తుంది. “నేర్పితే పక్క ఫ్యాక్టరీకి పోతాడు” అనే బెకర్ చిక్కుకు ఇదే విరుగుడు. ఫ్యాక్టరీలన్నీ కట్టినప్పుడు ఎవడు ఎక్కడికి పోయినా ఎవరికీ నష్టం లేదు.

ఇక 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌ను చూడాలి. అందులో కార్మికుల పునర్నైపుణ్య నిధి అనే మాట మొదటిసారి కనిపిస్తున్నది. కార్మికుడిని రిట్రెంచ్ చేసినప్పుడు యజమాని మామూలు పరిహారం కాక, చివరి వేతనం ప్రకారం పదిహేను రోజుల మొత్తాన్ని ఆ నిధికి కట్టాలి. నలభై ఐదు రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. నేర్పే బాధ్యత యజమానిదేనని చట్టం ఒప్పుకోవడం ముందడుగే. కానీ కొలత చూడండి. నెలకు 15,000 వచ్చేవాడికి దక్కేది ఏడెనిమిది వేలు. అదీ రిట్రెంచ్‌మెంటు జరిగితేనే. స్వచ్ఛంద పదవీ విరమణ రిట్రెంచ్‌మెంటు నిర్వచనంలోకి రాదు. నిర్ణీత కాలానికి తీసుకున్నవాడి గడువు ముగిస్తే అదీ రాదు. అంటే నిర్ణీతకాల కొలువులో చేరి గడువు తీరి బయటికి వచ్చే యువకుడికి ఈ నిధి లేదు. ఆజంజాహీ నాటి వలె స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చేవారికీ లేదు. ఏ రెండు ద్వారాల గుండా కార్మికులు ఎక్కువగా బయటికి వెళుతున్నారో ఆ రెండింటికీ తాళం వేసి, మూడో ద్వారం దగ్గర పదిహేను రోజుల కూలి పెట్టారు. పైగా అది పని పోయాక వచ్చే డబ్బు. పని పోకముందు, పనిలో ఉండగా నేర్చుకోవడానికి అందులో ఏమీ లేదు.

6

కనుక నేర్చుకునే ఖాతా కావాలంటే నాలుగు షరతులు పెట్టాలని నా అభిప్రాయం. ఒకటి, మొదటి జమ యజమానుల చందా నుంచీ ప్రభుత్వం నుంచీ రావాలి. కార్మికుడి పొదుపు ఇష్టమైతే కలవాలి. రెండు, డబ్బుతో పాటు కాలం రావాలి. కూలి కోత లేని చదువు గంటలు చట్టబద్ధం కావాలి. మూడు, ఖాతా మనిషి వెంట నడవాలి. కాంట్రాక్టు కార్మికుడికీ, గడువు తీరినవాడికీ, ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీకీ ఉండాలి. నాలుగు, ఆ డబ్బు ఎక్కడ ఖర్చుకావాలో నిర్ణయించేచోట కార్మిక సంఘాలు కూర్చోవాలి, ప్రభుత్వ ఐ.టి.ఐ.లు, విశ్వవిద్యాలయాలు ముందు నిలవాలి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. పని చేసుకుంటూ చదువుకునే మనిషి కోసం ప్రజల డబ్బుతో సంస్థ కట్టడం మనకు కొత్త కాదు.

ఇంకా వెనక్కి పోతే, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. తెలుగు చదువుకే చోటు తక్కువైన నిజాం కాలంలో, చదువు మీద మమకారమున్నవాళ్లు కలిసి పుస్తకాలు సేకరించి పదిమంది ముందు పెట్టారు. అది కూడా ఒక నేర్చుకునే ఖాతాయే. అందులో జమ వేసినవాడు వేరు, తీసుకున్నవాడు వేరు. ఎంత తీసుకున్నా తరిగేది కాదు. నేర్చుకోవడాన్ని ఒంటరి మనిషి పాస్‌బుక్కులో బంధించేవారు మరిచిపోతున్నది ఈ సంగతినే.

మా మిత్రుడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే పాస్‌బుక్కు ఉండాలంటావా, వద్దంటావా?” అని అడిగాడు. ఉండాలనే అన్నాను. పాస్‌బుక్కు మీద పేరు కార్మికుడిదే ఉండాలి. కానీ లోపలి పేజీ తిప్పి, మొదటి జమ ఎవరు వేశారో చూశాకే దాన్ని హక్కు అందామన్నాను. మిల్లులో చప్పుడు విని తెగిన పోగును కనిపెట్టిన పెద్దాయనకు అటువంటి పేజీ ఎవరూ రాసి ఇవ్వలేదు. జౌళి పార్కులో ఇవాళ యంత్రం ముందు నిలబడ్డ అమ్మాయికైనా, ఆమె చెయ్యి నేర్చిన పనికి గిరాకీ పోకముందే, అది రాయించి ఇవ్వాలి.